అన్నయ్య రాసిన నంబరు

జూన్ 3

మరదలికి,

వదిన రాసేది. అందరం బాగున్నామని మొదటి లైనులోనే రాసేస్తే మిగతాది చదవకుండా మడిచి పెట్టేస్తావని రాయడం లేదు. మొత్తం చదివి నువ్వే తేల్చుకో.

మొన్న పక్కింటి టీచరుగారింటికి ఫోను చేసి పావుగంట మాట్లాడావు. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. నేను "ఊఁ, ఊఁ" అంటూనే ఉన్నాను. ఇంటికొచ్చాక మీ అన్నయ్య "ఏమంటోంది పొట్టి?" అని అడిగితే "కులాసాగా ఉందిట" అన్నాను. నిజంగా ఏం చెప్పావో నాకు తెలియదు తల్లీ. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకోవచ్చు. మన పాత పద్ధతే నాకు నయం.

మీ అన్నయ్యకు మెడనొప్పి పట్టుకుంది. వయసంతా నిచ్చెన మీద నిలబడి తల పైకెత్తి బోర్డులు రాస్తే పట్టుకోక ఏం చేస్తుంది? మిషను మీద కోసిన అక్షరాలు అంటించుకునే షాపులు ఎక్కువయ్యాయి కానీ, చేతిరాత బోర్డే కావాలనే వాళ్లు ఇంకా ఈయన్నే వెతుక్కుంటూ వస్తున్నారు. వచ్చినప్పుడల్లా మీ అన్నయ్య ఒక అంగుళం పొడుగవుతారు.

మందుల షాపు పక్కన జిమ్ మాస్టారు క్లినిక్ తెరిచారు. గుర్తున్నారుగా, మీ అన్నయ్య స్నేహితుడు. జిమ్ మూతపడ్డాక ఎక్కడో ఏదో కోర్సు చేసొచ్చారట, ఇప్పుడు నీలాగే ఫిజియోథెరపిస్టు. మంచి మనిషి. మెడ రెండు చేతులతో పట్టి పక్కకి ఒక్క విసురు విసురుతారు. టక్‌మని చప్పుడు. ఆ చప్పుడు నాకే వినిపించిందంటే చూసుకో. లేవగానే "సగం పోయింది" అన్నారు మీ అన్నయ్య.

ఈ మధ్య మీ అన్నయ్యకు గారాబం కూడా ఎక్కువైంది. చొక్కా గుండీలు నేనే పెట్టాలి. పెళ్లైన కొత్తలో కూడా ఇంత ముచ్చట పడలేదు నాతో. గ్లాసులు చేతిలోంచి జారవిడుస్తున్నారు. బట్టల షాపు బోర్డులో ఒక గీత వంకరపోతే కళ్లజోడు మార్చాలని దాని మీదకి నెట్టేశారు. ఇదీ మా ఇంటి సంగతి.

నీకో విశేషం దాచి ఉంచారు. వచ్చినప్పుడు చూపిస్తారట. నా నోటి నుంచి రాదు.

ఇట్లు, 
అన్నీ నవ్వుతూ భరిస్తున్న నీ వదిన

జూన్ 10

వదినా,

నీ ఉత్తరం ఆస్పత్రి క్యాంటీన్‌లో చదివాను. పొడుగవుతారన్న దగ్గర నవ్వాను. గుండీల దగ్గర నవ్వు ఆగిపోయింది.

నువ్వు సరదాగా రాశావు కానీ నాకది సరదాగా లేదు. గుండీ పట్టలేకపోవడం, గ్లాసు జారిపోవడం, గీత వంకరపోవడం, ఈ మూడూ ఒకే చోటి నుంచి వస్తుండవచ్చు. చూడకుండా ఇంత దూరం నుంచి చెప్పడం తప్పు. అందుకే అడుగుతున్నాను, కాస్త గమనించి రాయి. అన్నయ్య నడిచేటప్పుడు కాళ్లు ఎడంగా వేస్తున్నాడా? గోడ పట్టుకుంటున్నాడా? తల కిందికి వంచితే వీపులో కరెంటు పాకినట్టు ఉంటోందా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఆ మెడని ఎవరూ ముట్టుకోకూడదు. ఎంత మంచివాళ్లైనా సరే.

ఇంకో మాట. జిమ్ మాస్టారిది రిజిస్ట్రేషన్ నంబరు ఎంతో చూడు. మా ఫిజియోథెరపీ కౌన్సిల్ పట్టికలో పేరు ఎక్కిన వాళ్లకే ఆ నంబరు ఉంటుంది. బోర్డు మీద రాసి ఉండాలి. లేకపోతే అన్నయ్యని అక్కడికి పంపకు.

ఫోను చేస్తే టీచరుగారు పిలిచారు. అన్నయ్య వచ్చాడు కానీ, నేను నంబరు మాట ఎత్తగానే "నా స్నేహితుణ్ణి నువ్వు పరీక్ష పెట్టక్కర్లేదు" అని పెట్టేశాడు. ముక్కు మీద కోపం ఎక్కడికి పోతుందిలే.

వెంటనే రాయి. ఆలస్యం చేయకు.

నీ మరదలు

జూన్ 17

మరదలికి,

నువ్వడిగినవన్నీ గమనించాను. గోడ పట్టుకుంటున్నారు, నిజమే. స్నానాల గది దగ్గర మరీను. కరెంటు సంగతి అడిగితే ఆశ్చర్యపోయారు, "అది దానికెలా తెలిసింది?" అని. ఉందట. కానీ జిమ్ మాస్టారు అది మంచి గుర్తే అన్నారు. నరాలు మేలుకుంటున్నాయిట.

మీ అన్నయ్యకు కోపంగానే ఉంది. ఒకే పని చేసేవాళ్లకు ఒకరంటే ఒకరికి పడదులే అన్నారు. నేను కొట్టిపారేశాను. కానీ నీ ఉత్తరం మళ్లీ చదివితే నాకూ కాస్త అలాగే అనిపించింది. మనసులో పెట్టుకోవడం నాకు చేతకాదు, అందుకని రాసేస్తున్నాను. అంత మంచిగా చూసుకునే మనిషిని పట్టుకుని నంబరు ఉందా అంటావేమిటి?

అయినా నంబరు ఉంది. దాచిన విశేషం అదే, నువ్వే అడిగి బయటికి లాగావు. బోర్డు రాయించుకోవడానికి మాస్టారు వచ్చినప్పుడు, ఈ రోజుల్లో జనం నంబరు కూడా చూస్తున్నారని ఎవరో చెప్పారట. ఆయనకింకా రాలేదట. మీ అన్నయ్య పకపకా నవ్వి "నంబరు కోసం ఎక్కడికో పోవడం దేనికి, మా ఇంట్లోనే ఉంది" అని, గోడకి తగిలించిన నీ సర్టిఫికెట్ చూసి నీ నంబరు రాసేశారు! మాస్టారి పేరు తెలుపులో, నీ నంబరు పసుపులో, కింద నల్లటి నీడ పెట్టి. ఆ బోర్డులో అన్నిటికన్నా అందంగా ఉన్నది అదే. రోజూ పొద్దున్న అవతలి పేవ్‌మెంటు మీద నిలబడి "మా పొట్టి నంబరు" అని చూసుకుని మరీ పనికి వెళుతున్నారు.

నీకు సంతోషమే కదా? ఒక లైను ఆయనకి రాయి. కోపం దిగుతుంది.

నీ వదిన

జూన్ 22

వదినా,

సంతోషమా?

ఆ నంబరు అందమైన అంకెలు కాదు. ఎవరి ఇంటి సొత్తూ కాదు. నాలుగేళ్లు చదివి, పర్యవేక్షణలో రోగుల్ని చూసి, పరీక్షలు ఇచ్చాక, ఈ మనిషి ఇది నేర్చుకుంది, ఈ మనిషికి మేము హామీ అని కౌన్సిల్ నాకిచ్చింది. నాకు, నాకొక్కదానికే. నేను ఎప్పుడూ చూడని గదిలో, ఎప్పుడూ ముట్టుకోని మనుషులకు నేను హామీ ఉన్నట్టు అన్నయ్య రాసేశాడు. ఆ బోర్డు చదివి లోపలికి వెళ్లినవాళ్లు నన్ను నమ్మి వెళ్లినట్టు. అన్నయ్యకు ఈ మాత్రం తెలియదా? పాల డబ్బా మీద ఇంకొకళ్ల ముద్ర వేయమంటే వేస్తాడా? ఆ అంకెలు ఈ రోజే చెరిపేయమను. నా మీద ప్రేమ ఉంటే చెరిపేయమను.

జిమ్ మాస్టారికి ఆ నంబరు ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదా? రాలేదు కాబట్టే ఆయన కరెంటుని మంచి గుర్తు అన్నాడు. నేర్చుకున్నవాళ్లు ఎవరూ ఆ మాట అనరు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. వదినా, అన్నయ్య మెడలో వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందని నా అనుమానం. అలాంటి మెడని విసిరితే కాళ్లూ చేతులూ పోవచ్చు. ఫిజియో దగ్గరికి వచ్చినవాళ్లలో ముందు మేం వెతికేది ఇదే. కనిపిస్తే చేయి వేయకుండా సర్జన్ దగ్గరికి పంపుతాం. ఈ ఉత్తరం చేతిలో పట్టుకుని పెద్దాస్పత్రికి వెళ్లండి. వెన్నుపూస డాక్టరుకి ఇది చూపించండి. టీచరుగారికి కూడా ఫోనులో చెప్పాను. శనివారం నేను బయలుదేరుతున్నాను. ఆ లోపల మెడ ముట్టుకోనివ్వకు. నీకు దణ్ణం పెడతాను.

నీ మరదలు

జూన్ 26

మరదలికి,

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. టీచరుగారు నీకు ఫోను చేశారట, నువ్వు రాత్రి బండికే ఎక్కుతున్నావట. ఇది చేరేసరికి నువ్వు ఇక్కడే ఉంటావు. అయినా రాస్తున్నాను, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది.

నీ ఉత్తరం మీ అన్నయ్య చేతికే ముందు అందింది. మొదటి కాగితం చదివారు. రెండోది తీయలేదు. మడిచి రంగుడబ్బాల కింద పెట్టి, "నా మెడ ఏమైపోతేనేం, దాని నంబరు దానికి భద్రంగా ఉండాలి" అన్నారు. మొహం చూడలేకపోయాను. టీచరుగారు వచ్చి చెప్పిన మాట కూడా నీ అలకలో భాగమే అనుకున్నారు. మెడ ముట్టుకోనివ్వద్దని నేను చొక్కా పట్టుకుని లాగాను. పంతం పట్టి మరీ క్లినిక్‌కి వెళ్లారు, నీ మీద కోపంతో వెళ్లారు.

బల్ల మీంచి దిగబోతే కాళ్లు నిలవలేదట. కింద పడిపోయారు. చేతుల్లో పిడికిలి బిగియడం లేదు. జిమ్ మాస్టారే మోసుకొచ్చి, ఆస్పత్రి గుమ్మంలో దింపి, "ఆటోకి చిల్లర తెస్తాను" అని వెళ్లారు. మళ్లీ రాలేదు.

రెండో కాగితం ఇప్పుడు చదివాను. ఒక్క మాట అంటాను, పడు. నంబరు గురించి పేజీ నిండా రాసి, మెడ సంగతి వెనక పెట్టావు. మెడ ముందు రాసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నీకూ తెలియదు. కానీ అనకుండా ఉండలేను.

వచ్చాక నన్ను పట్టుకుని కాసేపు ఏడవనివ్వు.

వదిన

ఆగస్టు 9

వదినా,

నేను వచ్చేశాక నువ్వు రాయలేదు. నేనూ రాయలేదు. ఆస్పత్రిలో పన్నెండు రోజులున్నాను, అన్నయ్య ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. చేతులకు వ్యాయామం చేయిస్తుంటే చేయించుకున్నాడు, మొహం గోడ వైపు పెట్టుకుని. నర్సుతో మాట్లాడాడు, ఊడ్చే ఆవిడతో మాట్లాడాడు. నాతో మాట్లాడలేదు. నువ్వన్న మాట నిజమే. మెడ ముందు రాయాల్సింది. కోపం ముందు రాశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. అంటే ఇంకా చెడకుండా ఆగింది. పోయినదంతా తిరిగి వస్తుందని సర్జన్ చెప్పలేదు, నేనూ చెప్పను. అన్నయ్య నడుస్తాడు, కర్రతో. చేతుల సంగతి నెమ్మది మీద తెలుస్తుంది. మీ ఊళ్లో ప్రభుత్వ ఆస్పత్రి ఫిజియో ఆవిడ దగ్గరికి రోజూ తీసుకెళ్లు. ఆవిడ పేరు పట్టికలో చూసే చెబుతున్నాను.

ఇప్పుడు నీకు చెప్పక తప్పని సంగతి. కౌన్సిల్ నుంచి నాకు నోటీసు వచ్చింది. మీ వీధి చివర రొట్టెల దుకాణం ఆవిడ నా మీద ఫిర్యాదు చేసింది. నడుం నొప్పని జిమ్ మాస్టారి దగ్గరికి వెళితే వీపు మీద మోకాలు పెట్టి నొక్కాడట. ఎముకలు గుల్లబారిన మనిషి, వెన్నుపూస విరిగింది. ఇప్పుడు పొయ్యి ముందు నిలబడలేకపోతోంది. ఆయన తాళం వేసి ఊరు వదిలేశాడు. బోర్డు మీద నంబరు చూసి నన్ను పట్టుకుంది ఆవిడ. "నంబరు చూసే లోపలికి వెళ్లాను, లేకపోతే వెళ్లేదాన్ని కాదు" అని రాసింది. ఆ లైను నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మాస్టారి మీద చర్య తీసుకోమని కౌన్సిల్‌ని అడిగాను. పట్టికలో ఉంటేనే కదా తీసేయడానికి అన్నారు. పోలీసులకు చెప్పుకోవాలట, ముందు ఆయన దొరకాలట. దొరికేది నేనొక్కదాన్నే. జవాబు ఇవ్వాలి. ఏం రాయాలో నాకు తెలుసు, రాయడానికే చేయి ఆడటం లేదు.

నీ మరదలు

ఆగస్టు 16

మరదలికి,

మీ అన్నయ్య నిన్న చెంచాతో నాలుగు ముద్దలు తిన్నారు. ఒలికింది పోగా. నేను చూడనట్టు కిటికీ తుడుస్తూ నిలబడ్డాను.

ఇది ఆయనకు తెలియకుండా రాస్తున్నాను. నంబరు వాడుకోమని నేనే ఇచ్చానని రాసేయి. జిమ్ మాస్టారు నా దగ్గర పనిచేసే మనిషేనని రాయి, ఏదో ఒకటి రాయి. నువ్వు చదువుకున్నదానివి, నీకు మంచి పేరుంది, చీవాట్లు పెట్టి వదిలేస్తారు. మీ అన్నయ్యకు ఏముంది? చేయి పోయింది. మిగిలింది ఒక్కటే, ఈయన బోర్డు రాస్తే అక్షరం పొల్లుపోదు అన్న మాట. ఇప్పుడు ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు రాశారని నలుగురికీ తెలిస్తే, ఊళ్లో ఆయన రాసిన ప్రతి బోర్డూ జనం అనుమానంగా చూస్తారు. ఆ వీధుల్లోంచే కర్ర పట్టుకుని నడవాలి ఆయన.

పైగా ఆయనకు నీ మీద కోపమని నువ్వనుకుంటున్నావు. కోపం కాదు. ఆస్పత్రిలో గోడ వైపు తిరిగి ఏడ్చేవారు. నీ మొహం చూడటానికి సిగ్గేసిందట. నిన్ననే చెప్పారు.

చిన్నప్పుడు నిన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. ఈ ఒక్కటీ చేయి.

నీ వదిన

ఆగస్టు 23

వదినా,

కోపం కాదు, సిగ్గు అని చదివి చాలాసేపు ఏడ్చాను. ఆ మాట ముందే తెలిసి ఉంటే మంచం అటు పక్కకి వెళ్లి కూర్చునేదాన్ని. నేనూ గోడనే చూస్తూ కూర్చున్నాను పన్నెండు రోజులు, మూర్ఖురాలిని.

కానీ నువ్వడిగింది నేను చేయలేను.

చీవాట్లకు భయపడి కాదు. పట్టికలోంచి నా పేరు కొట్టేసినా బతకలేకపోను. ఆ నంబరు ఉన్నంత మాత్రాన నేను తప్పు చేయనని కాదు వదినా. తప్పు చేస్తే దొరుకుతానని. అంతే దాని విలువ. మా దగ్గరికి వచ్చేవాళ్లు నొప్పితో వస్తారు, బోర్లా పడుకుంటారు, మెడ మా చేతుల్లో పెడతారు. మాకేం వచ్చో ఏం రాదో చూసుకునే వీలు వాళ్లకి లేదు. వాళ్ల బదులు ముందే ఎవరో చూసి ఉండాలి. తర్వాత ఏదైనా జరిగితే అడగడానికి ఒక తలుపు ఉండాలి. రొట్టెల దుకాణం ఆవిడకు దొరికిన తలుపు నేనొక్కదాన్నే. నేను కూడా అబద్ధం చెబితే ఆవిడ ఇంకెక్కడికి వెళుతుంది?

అన్నయ్యకూ ఆ తలుపు లేదు, గమనించావా? నేను ఆయన చెల్లెల్ని కాబట్టి పరుగెత్తుకొచ్చాను. లేకపోతే ఆటోకి చిల్లర తెస్తానని వెళ్లిన మనిషి కోసం నువ్వింకా ఆ గుమ్మంలోనే చూస్తూ ఉండేదానివి.

నేను ఎవరికీ ఇవ్వలేదని రాస్తాను. ఎవరు రాశారని అడుగుతారు. అడిగితే చెబుతాను. అడగకముందే అన్నయ్యే చెప్పుకుంటే బాగుండునని ఆశ. బలవంతం లేదు. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు. ఈసారి అన్ని కాగితాలూ.

అన్నయ్య మీద నాకు ఇప్పటికీ అంతే ప్రేమ. ఇది చివర రాసినా మొదటి మాటే.

పొట్టి

సెప్టెంబరు 12

మరదలికి,

నీ ఉత్తరం చదివి వినిపించాను. ఒక్క కాగితం కూడా వదలలేదు. సగం నుంచి టీచరుగారు అందుకుని చదివారు. మీ అన్నయ్య ఆ పూట అన్నం తినలేదు. నిన్ను నేను మనసులో చాలా తిట్టుకున్నాను, అది కూడా తెలుసుకో.

మర్నాడు "రొట్టెల దుకాణానికి వెళదాం పద" అన్నారు. రెండుచోట్ల ఆగి ఆగి నడిచారు. ఆవిడ నడుముకి బిగించిన పట్టీతో స్టూలు మీద కూర్చుని ఉంది, పొయ్యి దగ్గర ఎవరినో పెట్టుకుంది. ఈయన కర్ర చూసి కుర్చీ జరిపింది. ఈయన కూర్చోలేదు. "ఆ నంబరు మా చెల్లెలిదమ్మా. తనకి తెలియదు. బోర్డు మీద రాసింది నేను" అన్నారు. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "బోర్డు చాలా బాగుందని మా ఆయనకి కూడా చూపించానండీ" అంది. అంతే అంది. దారంతా ఈయన నా చేయి వదల్లేదు.

నిన్న కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లాం. పొడుగాటి గది, బల్ల వెనక కుర్రగుమాస్తా. మీ అన్నయ్య చెబుతుంటే అతను టైపు కొట్టాడు. నంబరు ఎవరిచ్చారు అంటే ఎవరూ ఇవ్వలేదు, గోడ మీంచి తీసుకున్నాను అన్నారు. తప్పని తెలుసా అంటే, "అప్పుడు తెలియదు. మా చెల్లెలు రాసినప్పుడు తెలిసింది, ఒప్పుకోబుద్ధి కాలేదు" అన్నారు. మాస్టారి మీద ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, తన మీద ఒక్క మాట తక్కువ చెప్పలేదు. నీ మీద విచారణ మూసేస్తారట. ఆయన్ని మళ్లీ పిలవవచ్చట. పిలిస్తే వస్తానన్నారు. నాకిప్పుడు భయం లేదు. ఎందుకో నాకే తెలియదు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. చెప్పకూడదనుకున్నాను, నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను?

చివర సంతకం పెట్టమన్నాడు గుమాస్తా. మీ అన్నయ్య కలం తీసుకున్నారు. వేళ్ల మధ్య నిలవలేదు, కింద పడింది. నేను తీసి ఇచ్చాను, మళ్లీ పడింది. మూడోసారి నేను వంగబోతే వద్దని తల ఊపారు. గుమాస్తా సిరాముద్ర డబ్బా ముందుకి జరిపి, ఆయన బొటనవేలు తనే పట్టుకుని అద్దించాడు. మర్యాదగానే చేశాడు. తర్వాత కాగితం మీద సిరా ఊదుతూ, ఊరికే మాట కలపడానికన్నట్టు, "రాయడం రాదా పెద్దాయనా?" అని అడిగాడు.

"వచ్చేది బాబూ" అన్నారు మీ అన్నయ్య.

వదిన